చివరి పేజీలు ఊడిన పుస్తకాలు

జగదేవ్‌పూర్,
జూన్ 4.

మజహర్ భాయ్‌కి రాజమల్లయ్య శనార్తులు.

ఇక్కడ నా కుడి మోకాలు తప్ప మిగతా అందరం బాగున్నాం. ఫోనే చేద్దును గానీ, కిందటిసారి నేను "చెవులెట్లున్నయి?" అని అడిగితే నువ్వు "చెరువులింకా నిండలే" అన్నావు. అందుకే మన పాత పద్ధతిలో ఉత్తరం రాస్తున్నాను.

మీ ఉమైమా నిన్న ములుగులో డ్యూటీ దిగి, పనిగట్టుకొని మా ఊరికి వచ్చింది. సంచీలోంచి నల్లటి పలక ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "చాచా, గిది పుస్తకాలు చదివే మిషిను. అబ్బాకొకటి, నీకొకటి తెచ్చిన. నాలుగేండ్ల సంది నీకు అక్షరాలు ఆనుతలేవంట గద, అబ్బా ఒకటే బాధపడుతుండు" అంది. నేను అద్దాలు తుడుచుకునేలోపల అక్షరాలను చింతగింజలంత చేసి చూపించింది. మజహర్, నీ పెద్ద చేతిరాత తప్ప ఇంకేదీ ఆనని ఈ కళ్లతో, నాలుగేళ్ల తరవాత ఒక అచ్చు వాక్యం మొదటి నుంచి చివరిదాకా చదివాను. పిల్ల ముందు ఏడిస్తే బాగుండదని, చాయ్ పెట్టమని చెప్పే వంకతో వంటింట్లోకి పోయాను. అక్కడ మా ఇంటావిడ ఐలవ్వ ఉంది. ఆమె ముందు ఏడ్చాను.

పలక సుఖం ఏమని చెప్పను! పావుకిలో కూడా బరువు లేదు. మంచంలో ఎటు తిరిగి పడుకున్నా ఒంటి చేత్తో పట్టుకొని చదువుకోవచ్చు. వేలు తడి చేసుకొని పేజీ తిప్పే అలవాటు మాత్రం పోలేదు. తడి వేలు తగిలితే పది పేజీలు ఒకేసారి ఉరుకుతున్నాయి. దానికి పురుగు పట్టకుండా ఐలవ్వ కింద వేపాకు పరిచింది.

నా చదువు ఐదో తరగతిలో ఆగిపోయింది. చదవడం నీ దుకాణంలో మొదలైంది. తాటిచెట్లు ఎక్కేవాణ్ని, గీత సంఘం రిజిస్టరుకు అట్టలు వేయిద్దామని సిద్దిపేట వచ్చాను. నువ్వు అట్టలకు జిగురు పూసి, "లై ఆరేదాకా కూసో అన్నా" అన్నావు. పక్కనే బైండింగుకు వచ్చిన నవలల కట్ట ఉంది. ఒకటి తీశాను. లై ఆరింది, దుకాణం మూసే వేళయింది, నేను లేవలేదు. ఆ తరవాత నలభై ఏళ్లపాటు నీ దగ్గరికి బైండింగుకు వచ్చిన ప్రతి నవలా దాని యజమాని ఇంటికి పోయేముందు ఒకసారి మా తాటివనం చూసి పోయింది.

ఉమైమాకు దీవెనలు. హుస్నా భాభీకి శనార్తులు.

మళ్లీ పేజీ తిప్పుతున్న
నీ రాజమల్లయ్య

తా.క.: నీ దుకాణానికి వచ్చేవన్నీ చిరిగిన పుస్తకాలే గనక కొన్నిటికి చివరి పేజీలు ఉండేవి కావు. పుస్తకం గలాయన్ను కనుక్కొని, ఆఖరికి ఏమైందో నువ్వు ఉత్తరంలో రాసి పంపేవాడివి. అట్లాంటి ఉత్తరాలు పదిహేడు, రేకు డబ్బాలో దాచుకున్నాను. ఇప్పుడు ఆ నవలలన్నీ పూర్తిగా పలకలో దొరుకుతాయట! మొదట స్టేషన్ మాస్టర్ నవల పట్టాను.


సిద్దిపేట,
జూన్ 9.

రాజమల్లన్నకు మజహర్ సలాం.

నువ్వు మళ్లీ చదువుతున్నావని తెలిసిన రోజు ఒక రిజిస్టరుకు అట్ట తలకిందులుగా అతికించాను. అంత సంతోషం.

నా పలకను నేనూ తిప్పి తిప్పి చూశాను. కుట్టు లేదు, లై లేదు, వీపు లేదు. ఊడిపోవడానికి పేజీ లేదు. ఇట్లాంటిది నలభై ఏళ్ల కింద వచ్చి ఉంటే నా దుకాణం ఏమయ్యేదో అని కొంచెం భయం వేసింది. అయినా రెండు వందల పుస్తకాలు అంత చిన్న దాంట్లో పట్టాయంటే, గోనె సంచులతో పుస్తకాలు మోసిన నా భుజాలు దానికి దువా చేస్తున్నాయి. హుస్నాబీ అందులో ఉర్దూ కథలు పెట్టించుకుంది. మూడు రోజులుగా నా పలక నాకు దొరకడం లేదు.

అన్నా, ఒక మాట. చదివేసిన పాత నవలలు మళ్లీ చదవడమెందుకు? కొత్తవి ఎన్నో వచ్చాయి. ఉమైమాతో చెప్పి మంచివి నీ పలకలోకి పంపిస్తాను. పాతవాటి ముగింపులు మనకు తెలిసినవే కదా.

ఐలవ్వ వదినకు సలాం.

అట్టలు అతికిస్తూ,
మజహర్

తా.క.: స్టేషన్ మాస్టర్ నవల ఎంతవరకు వచ్చింది? ఊరికే అడుగుతున్నాను.

ఇంకో తా.క.: సగంలో ఉంటే అక్కడే ఆపినా నష్టం లేదు.


జగదేవ్‌పూర్,
జూన్ 14.

మజహర్ భాయ్‌కి శనార్తులు చెప్పి, చెడ్డ కబురు రాస్తున్నాను.

మన ఉమైమా మోసపోయింది. పలకలో లోపం ఉంది.

నిన్న మధ్యాహ్నం స్టేషన్ మాస్టర్ నవల చివరికి వచ్చాను. నీ ఉత్తరంలో ఏముంది? వానలో ఆఖరి బండి ఆగుతుంది. ఇల్లు విడిచిపోయిన కూతురు ఇద్దరు పిల్లలతో, చంకలో కోడిపుంజుతో దిగుతుంది. తండ్రికి ఏం మాట్లాడాలో తోచక "పుంజుకు టిక్కెట్టున్నదా?" అని అడుగుతాడు. అందరూ నవ్వుకుంటూ ఇంటికి పోయి బగారా అన్నం తింటారు. ఈ ముగింపు మా కల్లు మండువాలో నేను వందసార్లు చెప్పి ఉంటాను. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు కళ్లు తుడుచుకున్నారు.

పలకలో ఏముందో తెలుసా? ఆఖరి బండిలో ఎవరూ దిగరు. ఆయన దీపం ఆర్పేసి వెళ్లిపోతాడు. అంతే. పుంజు లేదు!

ఐలవ్వకు చదివి వినిపించాను. "గదేంది? ఆ పిల్ల రాకనే పాయెనా? చార్జింగు తక్కువున్నదేమో, పెట్టి మళ్ల చూడు" అంది. ఛార్జింగు నిండా పెట్టి మళ్లీ చూశాను. రాలేదు.

మా మనవడు నరేశ్ కంపెనీకి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"ఏ పేజీలో ప్రాబ్లం సార్?"

"ఆఖరి పేజీల. కోడిపుంజు వస్తలేదు."

"సార్, రచయిత రాసిందే కదా సార్ వచ్చేది?"

"రచయితకు సరిగ యాదికున్నదో లేదో ఒకసారి కనుక్కోండ్రి" అన్నాను.

లైనులోనే ఉండమని ఇరవై నిమిషాలు సంగీతం పెట్టింది. సంగీతం బాగుంది. జవాబు మాత్రం రాలేదు.

పుంజు కోసం వెతుకుతూ,
నీ రాజమల్లయ్య

తా.క.: ఈ సంగతి ఉమైమాకు చెప్పకు. పిల్ల మనసు నొచ్చుకుంటుంది. కంపెనీతో నేనే తేల్చుకుంటాను.


సిద్దిపేట,
జూన్ 19.

రాజమల్లన్నకు మజహర్ సలాం.

కంపెనీని వదిలెయ్యి అన్నా. పుస్తకాల సంగతి నాకు తెలుసు. ఒక్కో నవల ఎన్నోసార్లు అచ్చవుతుంది. మొదటి అచ్చులో ఒక రకంగా ఉంటుంది, తరవాతి అచ్చులో ఇంకో రకంగా ఉంటుంది. ఒకసారి అచ్చు వేసినప్పుడు పుంజు ఉండి ఉంటుంది, మరోసారి కాగితం కొరతతో తీసేసి ఉంటారు. అప్పట్లో కాగితానికి చాలా కొరత.

ఒక్క పుస్తకం చూసి పలకను అనుమానించకు. అట్లాగని మిగతావి తెరిచి చూడాల్సిన అవసరం కూడా లేదు. ఇక్కడ వాన పడింది. దుకాణంలో లై సరిగ్గా ఆరడం లేదు. నాకూ సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

మజహర్

తా.క.: అన్నదమ్ముల బావి నవల మాత్రం అస్సలు తెరవకు. నీ మోకాలికి మంచిది కాదు.


జగదేవ్‌పూర్,
జూన్ 27.

మజహర్ భాయ్‌కి రాజమల్లయ్య శనార్తులు.

మోకాలికీ బావి నవలకూ సంబంధం ఏమిటని గజ్వేల్ దవాఖానలో డాక్టరును అడిగాను. ఏమీ లేదన్నాడు. ఇంటికి వచ్చి తెరిచాను.

ఇద్దరు అన్నదమ్ములు, మధ్యలో ఒక బావి. నీ ఉత్తరం ప్రకారం, ఒక తెల్లవారుజామున అన్న పోయి తమ్ముడి గడప ముందు నిలబడి "దూపైతున్నది, నీళ్లియ్యి" అంటాడు. తమ్ముడు చెంబుతో నీళ్లు తెచ్చి "తిని పో" అంటాడు. పలకలో అట్లా లేదు. బావి పూడ్చేస్తారు, గోడ కడతారు. ఒకడు చనిపోతే ఇంకొకడు చూడటానికి కూడా పోడు.

మజహర్, నీకు తెలుసు. పొలం దారి దగ్గర తగాదా వచ్చి మా తమ్ముడు వీరమల్లూ నేనూ ఆరేళ్లు మాట్లాడుకోలేదు. నీ ఉత్తరం వచ్చిన మర్నాడే వాడి ఇంటికి పోయి "దూపైతున్నది" అన్నాను. ఇరవై రెండేళ్ల కింది మాట. వాడు పరుగున నీళ్లు తెస్తూ సగం చెంబు నా కాళ్ల మీదే ఒలకబోశాడు. పుస్తకంలో అన్న పోయాడు, నాకేం తక్కువ అనుకొని ధైర్యం చేసి పోయాను. ఇప్పుడు పలక చెబుతోంది, ఆ అన్న అసలు పోనే లేదని. మరి నేను ఎవరిని చూసి పోయినట్టు?

ఆ తరవాత మరో మూడు చూశాను. మూడింట్లోనూ ఇదే తంతు. వకీలు నవలలో, నీ ఉత్తరం ప్రకారం జైలుకు పోవలసిన వకీలే గెలుస్తున్నాడు! ఇక ఊరుకోలేక మండువాలో చెప్పాను. గీత సంఘం అధ్యక్షుడు కర్ణాకర్ లేచి, "మన కథలు మార్చిన్రు. గిప్పుడు ఊకుంటే రేపు మన పేర్లు గూడ మారుస్తరు" అన్నాడు. అక్కడికక్కడ కలెక్టరుకు అర్జీ రాశాం. ముప్పై రెండు సంతకాలు, ఆరు వేలిముద్రలు అయ్యాయి. ఆదివారం రెండు ఆటోలు మాట్లాడుకొని సిద్దిపేట వస్తున్నాం. ముగింపులు నీకు చెప్పిన పుస్తకాల యజమానులను దుకాణం దగ్గరికి పిలిపించి పెట్టు. వాళ్లే మనకు సాక్షులు.

న్యాయం కోసం,
నీ రాజమల్లయ్య

తా.క.: ఐలవ్వ కూడా వస్తానంటోంది. పుంజు తరఫున తానే మాట్లాడుతుందట.


సిద్దిపేట,
జూన్ 29.
(పోస్టులో వేస్తే ఆదివారంలోగా అందదని ఉమైమా చేతికిచ్చి పంపిస్తున్నాను.)

రాజమల్లన్నకు మజహర్ సలాం.

ఆటోలు వద్దని చెప్పెయ్యి. పలకలో తప్పు లేదు. కంపెనీలో తప్పు లేదు. ఫోనులో మాట్లాడిన ఆ అమ్మాయికి నా తరఫున మాఫీ చెప్పు.

పుస్తకాల యజమానులను నేను పిలిపించలేను. మొట్టమొదటిసారి ఒకాయన్ను అడిగాను, ఆఖరికి ఏమవుతుందండీ అని. "నేనేడ చదివిన? అట్ట మంచిగుంటె చాలు, బీరువాల పెడత" అన్నాడు. ఆ తరవాత ఎవరినీ అడగలేదు.

కానీ నువ్వు వచ్చేవాడివి. పొద్దున చెట్లెక్కి దిగి, బస్సు పట్టుకొని, దుకాణం మెట్టు మీద నిలబడి ముందుగా అదే అడిగేవాడివి: "ఆఖరికి ఏమైంది?" నీ ముఖం చూసి, తెలియదు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఉత్తరంలో రాస్తానని చెప్పి పంపేవాణ్ని. ఆ ముగింపులు ఏ అచ్చులోనూ లేవు అన్నా. మా దుకాణంలోనే పుట్టాయి. కాగితం కొరత మాట కూడా అబద్ధమే.

నలభై ఏళ్లలో పదిహేడుసార్లు నిన్ను మోసం చేశాను. నువ్వు నాతో మాట్లాడటం మానేస్తే అది న్యాయమే. నాకు ఎట్లాగూ వినపడదు గనక తేడా తెలియదనుకోకు. తెలుస్తుంది.

తల వంచుకొని,
మజహర్

తా.క.: పలకను మాత్రం వెనక్కి ఇవ్వకు. అది నిజమే చెబుతోంది.


జగదేవ్‌పూర్,
జులై 12.

మజహర్ భాయ్‌కి రాజమల్లయ్య శనార్తులు.

పదమూడు రోజులు రాయలేదు. మొదటి మూడు రోజులు కోపంగా ఉన్నాను. నీ ఉత్తరాల రేకు డబ్బాను మంచం కిందికి తోశాను. ఐలవ్వ రెండు రోజులు చూసి, "గాయిన ఉత్తరంల రాసిండు, నువ్వు నోటితోని ఊరంత చెప్పినవు. ఎవరు ఎక్కువ మోసం చేసిన్రు?" అని అడిగింది. ఆ మాటకు డబ్బాను మళ్లీ బయటికి లాగాను.

మిగతా రోజులు చదివాను. ఒక పక్క పలక, ఒక పక్క నీ ఉత్తరం. అసలు ముగింపులు తీసిపారేసేవి కావు మజహర్. స్టేషన్ మాస్టరు దీపం ఆర్పే పేజీని మూడుసార్లు చదివాను. రాసినాయన ఊరికే ఆర్పలేదు. ఇన్నేళ్లూ ఆ పేజీ లేకుండానే ఆ నవల నాకు తెలుసనుకున్నాను. దాన్ని ఈ వయసులో, ఈ కళ్లతో, ఇంత పెద్ద అక్షరాల్లో నాకు చూపించిన పలకకు దండం, అది తెచ్చిన నీ బిడ్డకు దండం. అది చదివి నీ ఉత్తరం తీస్తే, పుంజు దిగింది. అదీ బాగుంది. ఒక్కో నవలకు రెండేసి ముగింపులు ఈ జిల్లాలో నాకు తప్ప ఇంకెవరికైనా దొరికాయా?

నిన్న మండువాలో నీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. కర్ణాకర్ "గయితే పుంజు అసలే లేదా?" అని పక్కకు తిరిగి ముక్కు చీదుకున్నాడు. మా వీరమల్లు వెనక కూర్చొని ఉన్నాడు. వాడు పుస్తకం ముట్టే మనిషి కాదు. లేచి నిలబడి, "పుస్తకంల ఏమన్న ఉండనీ అన్నా. నువ్వు మా ఇంటికొచ్చినవా లేదా? నీళ్లు తాగినవా లేదా? గదైతే అబద్ధం గాదు గద" అన్నాడు.

ఆ తరవాత నీ మీద కోపం ఎంత వెతికినా దొరకలేదు.

అర్జీ కాగితం వెనకవైపు ఖాళీగా ఉంటే దాని మీదే తీర్మానం రాసుకున్నాం. ఈ నెలాఖరు ఆదివారం గీత సంఘం తరఫున నీకు సన్మానం. ఆకుపచ్చ శాలువా తెచ్చాం. నువ్వు ఒక పది నిమిషాలు మాట్లాడాలి, కథ ఎట్లా పుడుతుందో చెప్పాలి. కాదంటే ఆ రెండు ఆటోలూ బయలుదేరతాయి.

గర్వంగా,
నీ రాజమల్లయ్య

తా.క.: ఒకటి ఇప్పుడే గమనించాను. పదిహేడు ముగింపుల్లోనూ బగారా అన్నం ఉంది. మద్రాసు నుంచి వచ్చిన స్టేషన్ మాస్టరు అదే తింటాడు. వకీలును జైల్లో పెట్టి అక్కడా అదే వడ్డించావు. చాయ్ కాచుకోవడం కూడా రాని నీకు వంట మీద ఇంత ధ్యాస ఎక్కడిది?


సిద్దిపేట,
జులై 18.
(చాచా, ఇది అమ్మీ ఉత్తరం. అమ్మీకి తెలుగు రాయడం రాదు. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను. — ఉమైమా)

రాజమల్లన్నకు హుస్నాబీ సలాం. ఐలవ్వక్కకు గూడ.

శాలువా ఆయినకు కప్పకుండ్రి. ఆయినకు కథ అల్లనీకి రాదు. మీ ఉత్తరం వచ్చిన కాడికెల్లి మనిషి అన్నం తింటలేడు. పది నిమిషాలు ఏం మాట్లాడాల్నని అద్దం ముందట నిలబడి గొణుగుతుండు. చెప్పుండ్రి నిజం అంటే, "నువ్వే గద చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నవు" అంటుండు. గందుకే నేనే చెప్తున్న.

గా ముగింపులు నావి.

దుకాణంల పేజీలు కుట్టే పని నాది గద. నేను సూదితోని కుడుతుంటే, ఆయిన పక్కన కూసొని అట్టలు వేసే ముందట నవల బిగ్గర చదువుతుండె. చెవులు అప్పుడు మంచిగనే ఉండె. తెలుగు అక్షరం నాకు రాకపోయినా కథ సమజైతుండె. ఆఖరి పేజీలు లేకపోతే ఆయిన తల పట్టుకుంటుండె. "మల్లన్న అడుగుతడు, ఏం రాయాలె?" అని. "గిట్ల రాయుండ్రి" అని నేను చెప్పిన. నా పేరు మాత్రం తియ్యద్దన్న. తెలుగు చదువురానిది తెలుగు నవలకు ముగింపు చెప్పిందంటే నవ్వుతరని భయం. బగారా అన్నం అంటరా, గా యాళ్లకు నాకు ఆకలైతుండె. ఇంటికి పోయి వండాల్సింది నేనే. గందుకని కథల ఎవరో ఒకరితోని వండిస్తుంటి.

ఇంకొక ముచ్చట ఉన్నది. గిది ఆయిన గూడ మీకు చెప్పలే. పదహారు పుస్తకాలకు ఆఖరి పేజీలు నిజంగనే లేకుండె. బావి పుస్తకానికి మాత్రం ఉండె.

ఆయిన మొత్తం చదివిండు, నేను మొత్తం విన్న. గోడ కట్టుడు, చావుకు పోకపోవుడు, అన్ని. గా రోజులల్ల మీరు వచ్చినప్పుడల్ల తమ్ముని ముచ్చట తీస్తుంటిరి. తిట్టుకుంటనే తీస్తుంటిరి, గాని తియ్యకుండ ఒక్కనాడు లేకుండె. గీ పుస్తకం గిట్లనే మల్లన్న చేతిల పడితే ఇగ తమ్ముని గడప తొక్కడు అనుకున్న. ఆఖరి పదహారు పేజీలు నేనే కుట్టలే. చాప కింద పెట్టిన. "ఇవి గూడ ఊడిపోయినయని చెప్పుండ్రి" అన్న. మీరు చదివి తెచ్చి ఇచ్చినంక, మళ్ల విప్పి, అన్ని పేజీలు పెట్టి కుట్టి, పుస్తకం గలాయినకు పంపిన. ఆయినకు ఏ పేజీ తక్కువ కాలే.

మీ ముందట తప్పు చేసిన్నేమో. గాని మీ వీరమల్లు మండువాల అన్న మాట ఉమైమా చదివి వినిపిస్తే, చానసేపు నాకు సూదిల దారం ఎక్కలే.

ఆదివారం వస్తం. ప్రసంగం నాకు రాదు. మీరు పలకల ఏదన్న ఒక కథ తీసి అందరికి చదువుండ్రి. ఆఖరి పేజీ కాడ ఆపుండ్రి. గాడికెల్లి నేను చెప్త. వంట ఐలవ్వక్కను చెయ్యమనుండ్రి, గీసారి నేను కూసొని తింట.

మీ అందరి మేలు కోరే
హుస్నాబీ

తా.క.: అన్నా, ఇది నేను, మజహర్. నా గుండె తేలికైంది. నిన్న రెండు పూటలా తిన్నాను. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. పలకలో చదివిన ఉర్దూ కథలన్నిటికీ హుస్నాబీ మళ్లీ ముగింపులు చెబుతోంది. "ఇందులో ఆఖరి పేజీలు ఊడిపోలేదు గదా, అన్నీ ఉన్నాయి గదా" అంటే, "ఉంటే ఉండనీ" అంటోంది.